చేతులు వెనక్కి పెట్టుకున్న మనిషి

పోయిన మంగళవారం పొద్దున మా స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. వేదిక మీద మెడలో దండతో నిలబడిన నల్లటి, బక్కపలచటి మనిషి. ఫోటో కింద మా హెడ్మాస్టరు గారు 'సముద్రం మావయ్య ఇక లేరు' అని రాసి, దండం పెట్టే బొమ్మలు మూడు పెట్టారు. కాసేపటికి నాకు విడిగా ఫోన్ చేశారు.

"మేడమ్, ఆయన్ని స్కూలుకి తీసుకొచ్చింది మీరే కదా. నోటీసు బోర్డుకి ఓ నాలుగు వాక్యాలు రాసివ్వండి. నిరాడంబరుడు, ఆదర్శ జీవితం, అలా. పిల్లలకి పనికొచ్చేట్టు ఉండాలి."

సరేనన్నాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. నాకు గుర్తొస్తున్న వాటిలో నోటీసు బోర్డు మీద పెట్టదగ్గది ఏదీ లేదు.

ముందు గుర్తొచ్చేవి ఆయన చేతులే. ఆ ఫోటోలోనూ అవి కనిపించవు, వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. ఎవరికీ చేయి కలిపేవాడు కాదు. పిల్లలు షేక్‌హ్యాండ్ కోసం ఎగబడితే రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచే దండం పెట్టి, చేతులు మళ్లీ వెనక్కి తీసుకునేవాడు. టీ ఇస్తే గ్లాసు బల్ల మీద పెట్టించుకుని, మనం చేయి తీశాకే అందుకునేవాడు. టిఫిను పెడితే చెంచా అడిగేవాడు. జాలరిపేట మనిషి ఇడ్లీ చెంచాతో తింటున్నాడని మా స్టాఫ్‌రూమ్‌లో కొన్నాళ్లు నవ్వుకున్నారు. నేను మాత్రం దాన్ని వినయం అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగుండేది.

ఆయన బీచ్‌లో గజ ఈతగాడు. మునిగిపోయేవాళ్లని కాపాడటానికి ఒక కాంట్రాక్టు కంపెనీ కొందరు మత్స్యకారుల్ని పెట్టుకుంటే, అందులో ఒకడు. నేను మొదటిసారి చూసింది ఓ ఆదివారం సాయంత్రం. కాలేజీ కుర్రాళ్లిద్దరు లోపలికి కొట్టుకుపోతున్నారు. ఈయన ఒకణ్ని ఒడ్డున పడేసి, ఊపిరి కూడా తీసుకోకుండా రెండో వాడి కోసం వెళ్లాడు. ఇద్దరూ బతికారు. జనం వాళ్ల చుట్టూ మూగారు. ఈయన దూరంగా వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి ఇసకలో కూర్చున్నాడు.

నేను మద్దిలపాలెంలో ఒక స్కూల్లో సోషల్ టీచర్ని. అసెంబ్లీ బాధ్యత నాది. పిల్లలకి చూపించడానికి ఒక మంచి మనిషి కోసం ఎప్పుడూ వెతుక్కుంటూ ఉంటాను. అందుకే దగ్గరికి వెళ్లి మా స్కూలుకి రమ్మని అడిగాను.

"నాకు మాటలు రావమ్మా," అన్నాడు.

"సముద్రం గురించి మీకు తెలిసింది చెప్పండి చాలు."

వచ్చాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. తర్వాత, "సముద్రం మీకు సుట్టం కాదు," అన్నాడు. "సుట్టమైతే సెప్పి వత్తాది. కెరటం సెప్పి రాదు. మోకాలు దాకా మీది. మోకాలు దాటితే దాన్ది." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి వాళ్లకి ఆయన సముద్రం మావయ్య అయ్యాడు.

ఆయన మాట్లాడాక హెడ్మాస్టరు గారు మైకు అందుకున్నారు. "ఇంతమంది ప్రాణాలు ఎలా కాపాడుతున్నారో తెలుసా? ఈయనకి సిగరెట్ లేదు, మందు లేదు, ఏ దురలవాటూ లేదు. అదీ ఆయన బలం," అన్నారు. ఆ సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ చప్పట్లు కొట్టాను.

గేటు దాకా సాగనంపుతుంటే ఆగాడు.

"ఆ మాట ఎవులు సెప్పమన్నారు టీచరమ్మా?"

"ఏ మాట?"

"మందు ముట్టనని."

"పిల్లలకి మంచిదే కదండీ."

"నానలాటోన్ని కాదు."

నవ్వేశాను. "మంచివాళ్లు ఎవరూ మేం మంచివాళ్లం అని చెప్పుకోరు లెండి," అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూశాడు. "పోనీ, ఇంక రావొద్దంటే మానీస్తాను," అన్నాడు. అయ్యో, అదేం మాట, ప్రతి ఏడూ రావాలి అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. మనిషి నిజం చెప్పాడు, పక్కకి తప్పుకుంటానని కూడా అన్నాడు. నేను రెండూ వినలేదు.

నాలుగేళ్లు వచ్చాడు. 'నాకు నచ్చిన వ్యక్తి' అని వ్యాసం రాయమంటే సగం మంది ఆయన గురించే రాసేవారు. పదో తరగతి గోడకి కాగితం మీద రంగుల్లో వేసిన ఆయన బొమ్మ అంటించారు. తల్లిదండ్రులు బీచ్‌లో ఆయన్ని వెతుక్కుని పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకునేవారు. ఒకసారి నాతో అన్నాడు, "టీ కొట్టు కాడ నిలబడ్డా సూత్తన్నారు టీచరమ్మా, గలాసులో ఏటున్నాదో అని. ఇది ఉద్యోగం కన్నా కట్టంగా ఉంది." అది కూడా వేళాకోళం అనుకున్నాను.

అయిదో ఏడు జులైలో ఒక రోజు, ముసురు పట్టి ఉంది. పది గంటలకి పిల్లలు హాల్లో కూర్చుని ఉన్నారు. ఆయన ఆటో దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దగ్గరికి రాకముందే వాసన వచ్చింది. ఎవరూ చూడకుండా ఆటల సామాను గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"ఇదేంటండీ?"

"పొద్దున్నే ఒక సిన్న గుంటడు దొరికినాడు టీచరమ్మా. మూడ్రోజులు నీల్లలో..."

"ఇప్పుడవన్నీ వద్దు. ఈ వాసనతో పిల్లల ముందుకి ఎలా వెళ్తారు?"

"అందికే రానన్నాను. మీ పెద్దసారు ఫోన్ మీద ఫోన్ సేసినాడు."

"వెళ్లిపోండి. వెనక గేటు నుంచి వెళ్లండి."

వెళ్లిపోయాడు. వానలో, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని. పిల్లలకీ హెడ్మాస్టరు గారికీ మావయ్యకి జ్వరమని చెప్పాను.

ఆ సాయంత్రమే ఆయన్ని పెట్టుకున్న కంపెనీకి ఉత్తరం రాశాను. 'పిల్లలకు ఆదర్శంగా నిలవాల్సిన వ్యక్తి, ఉదయాన్నే మద్యం సేవించి విద్యాలయంలో అడుగుపెట్టడం...' అంటూ సాగింది. నాకు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఆయన తరఫున మాట ఇచ్చింది మేము. ఆ మాట తప్పినందుకు ఆయన మీద మండిపడ్డాను.

రెండు నెలల తర్వాత బీచ్‌కి వెళ్తే ఆయన ఉండే చోట వేరే గార్డు ఉన్నాడు. "ఆడ్ని తీసీసారమ్మా. ఎవులో లెటర్ ఎట్టారంట," అన్నాడు. మంచి పని జరిగిందనే అనుకుంటూ ఇంటికి వచ్చాను. సోమవారం క్లాసులో గోడ మీది బొమ్మ తీసేయమన్నాను. స్టూలెక్కి తీసింది హారిక.

హారిక గురించి చెప్పాలి. పద్మనాభం అనే ఊరి పిల్ల. వాళ్ల నాన్న సన్యాసినాయుడు ద్వారకా నగర్‌లో బట్టల కొట్లో పనిచేసేవాడు. తండ్రీ కూతురూ రోజూ ఒకే బస్సులో వచ్చేవారు. కూతుర్ని మద్దిలపాలెంలో దింపి, కిటికీలోంచి చేయి ఊపి ఆయన ముందుకు వెళ్లేవాడు. బొమ్మ చుట్టి నా చేతికిస్తూ హారిక అడిగింది, "మావయ్య ఇంక రాడా మేడమ్?"

"రాడు."

"ఏం?"

"పెద్దయ్యాక తెలుస్తుందిలే," అన్నాను.

పదో తరగతి ఆఖరి పరీక్ష అయిన రోజు మధ్యాహ్నం హారిక, మరో ముగ్గురు ఆడపిల్లలు బీచ్‌కి వెళ్లారు. మోకాలి లోతులో నిలబడి ఫోటో తీసుకుంటున్నారు. ఒకే ఒక్క కెరటం. ముగ్గురు తేలారు. హారిక తేలలేదు.

నాకు తెలిసి వెళ్లేసరికి సన్యాసినాయుడు ఒడ్డున నిలబడి ఉన్నాడు. కొట్లోంచి నేరుగా పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, బట్టలు కొలిచే టేపు ఇంకా మెడలోనే ఉంది. ఆ సాయంత్రం పడవలు తిరిగాయి. మర్నాడు పొద్దున్నుంచీ తిరిగాయి. గాలి ఎక్కువగా ఉంది, నీళ్లు బురదగా ఉన్నాయి, ఏమీ కనపడటం లేదన్నారు. ఆ తండ్రి ఒకే మాట అంటున్నాడు, "ఇంటికాడ దాని తల్లి కూకుంది. ఏటి పట్టుకెల్లమంటారు నన్ను?"

మధ్యాహ్నానికి ముసలి గార్డు ఒకడు మెల్లిగా అన్నాడు, "ఆడైతే తెత్తాడు. ఏ కెరటం ఏ మూలకి తోత్తాదో ఆడికే ఎరిక."

సన్యాసినాయుడు నావైపు తిరిగాడు. "మీ ఇస్కూలుకి వచ్చీవోడు కదా మేడమ్. మా గుంట రోజూ సెప్పీది. మీరడిగితే రాడేటి?"

జాలరిపేట వెళ్లాం. ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. కళ్లు తేటగా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నేను మాట పూర్తి చేయకముందే లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది.

"ఆడ్ని అడక్కండి టీచరమ్మా. ఏడు నెల్లయింది తాగి. అమ్మోరి కాడ ఒట్టు ఎట్టించినాను. ఆడు నీల్లలోకి దిగితే మల్లీ తాగుతాడు. తాగకుండా ఆడు దిగనేడు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, చాలా నెమ్మదిగా, ఎవరి తప్పో ఒప్పుకుంటున్నట్టు.

"బతికున్నోల్లని లాగడానికి మందక్కర్నేదు టీచరమ్మా. పోయినోల్లని తేడానికే. తాగకుండా ఓపాలి దిగి సూసినాను. కాడకెల్లి ముట్టుకోనేక వచ్చీసినాను. పోయినోడి తల్లి నా మొకం మీద ఉమ్మీసింది. తాగితే ఈ సేతులు నాయి కావు. ఆటి పని ఆటే సేసుకుంటాయి." రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. వాటిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. మామూలు చేతులు. "ఈటితో నా మనవరాలికి ఒక ముద్ద ఎట్టి ఎన్నేల్లయిందో దీన్ని అడగండి."

సన్యాసినాయుడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఆయన వెనక్కి జరిగాడు, ముట్టుకుని లేపలేదు. నావైపు చూశాడు.

"మీరు సెప్పండి టీచరమ్మా. దిగమంటారా?"

ఆయన భార్య కూడా నావైపే చూస్తోంది. కాదంటే కింద పడి ఉన్న తండ్రికి సమాధానం లేదు. అవునంటే ఆమెకి లేదు. ఉత్తరం రాసేటప్పుడు నాకు మాటలు ఎంత సులువుగా వచ్చాయో గుర్తుంది.

"దిగండి," అన్నాను.

"అయితే తెప్పించండి," అన్నాడు.

నేనే వెళ్లాను. ఇంకెవరినీ పంపే హక్కు నాకు లేదనిపించింది. సందు చివర మందు షాపు. నన్ను చూసి వరసలో మగాళ్లు పక్కకి జరిగారు. వాళ్లలో మా తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి ఒకడు, తల తిప్పేసుకున్నాడు. ఏం కావాలని అడిగితే నాకు పేరు తెలియదు. "గట్టిది," అన్నాను. కొంగు కింద దాచుకుని తెచ్చాను.

ఇంటి గోడ వైపు తిరిగి తాగాడు. నీళ్లు కలుపుకోలేదు. తర్వాత భార్యని పాత చీర ఒకటి అడిగాడు. ఆమె తాడు మీద ఆరేసిన చీర లాగి ఆయన భుజం మీద పడేసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఒడ్డుకి వచ్చాక ఎండు కొబ్బరి డొక్క ఒకటి నీళ్లలోకి విసిరి, అది ఎటు పోతుందో చాలాసేపు చూశాడు. తర్వాత ఇద్దర్ని తీసుకుని పడవ మీద ఉత్తరం వైపు రాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఒక గంట పట్టింది. పడవలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు, రాళ్ల సందులోంచి తీస్తున్నంతసేపూ "రా తల్లీ, బేగి రా, మీ నాన్న ఒచ్చీసినాడు, ఇంటికెల్దాం" అంటూనే ఉన్నాడట.

చీరలో చుట్టి తెచ్చాడు. ఎవరినీ పట్టనివ్వకుండా తనే మోసుకొచ్చి ఇసక మీద పడుకోబెట్టాడు. సన్యాసినాయుడు చీర అంచు పట్టుకున్నాడు. ఆయన అడ్డుపడ్డాడు.

"మొకం సూడకు నాయుడూ. నీ కూతురి మొకం నీ కాడున్నాది కదా. అదే ఉంచుకో. ఇది నాను సూసినాను, సాల్దేటి?"

ఆ తండ్రి చేయి ఆగిపోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని, తూలుతూ, లాగి ఉన్న పడవ చాటుకి వెళ్లాడు. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్లిద్దరు ముక్కు మూసుకుని, "తాగొచ్చాడు చూడు, ఇలాంటి చోటికి కూడా," అనుకున్నారు. నేను వాళ్ల పక్కనే ఉన్నాను. నేనే తెచ్చిచ్చానని అనలేదు.

తర్వాత ఆయన మానలేదు. మళ్లీ దిగుతున్నాడని తెలిశాక ఎక్కడెక్కడి నుంచో పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన చోటికల్లా వెళ్లేవాడట. నేను ఆ వైపు వెళ్లడం మానేశాను. బీచ్ రోడ్డు మీద బస్సు వెళ్తుంటే అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. పెద్దాసుపత్రిలో ఉన్నాడని ముసలి గార్డు చెప్పాకే వెళ్లాను. పొట్ట ఉబ్బి ఉంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. చేతులు దుప్పటి కింద ఉన్నాయి.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా చెప్పేశాను. "ఆ ఉత్తరం రాసింది నేనే."

"ఎరికే. ఆపీసులో సూపించినారు. నాకు సదవడం రాదు కదా, ఆల్లే సదివి ఇనిపించినారు." నావైపు తల తిప్పాడు. "తెలుగు బాగా రాసినారు టీచరమ్మా. అబద్దం ఒక్కటీ నేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన అది చూడనట్టు పైకప్పు వైపు చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నాను రానందుకు పిల్లలకి ఏటి సెప్పారు?"

"జ్వరమని."

"మంచి పని సేసినారు."

"వాళ్లకి నిజం చెప్తాను. మీరు ఎందుకు తాగుతారో అసెంబ్లీలో చెప్తాను," అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను.

"ఒద్దు టీచరమ్మా. సెప్తే మరి నీల్లకి బయపడరు, నాకు బయపడతారు." అని కళ్లు మూసుకున్నాడు. కాసేపు కూర్చుని వచ్చేశాను. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆ మందు షాపు దగ్గర నిలబడిన మనిషి ఎవరో కూడా చెప్పాల్సి వస్తుందని.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉంది. నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాను. ఏదో అనబోతే ఆమే అంది. గొంతులో కోపం కూడా లేదు, అలిసిపోయి ఉంది.

"మీరు మా బతుకులోకి రెండుపాల్లు వచ్చారు టీచరమ్మా. ఓపాలి తాగినాడని వచ్చారు. ఓపాలి తాగమని వచ్చారు."

తల వంచుకున్నాను. లోపల ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఆమె లేచి తెచ్చి, చూసి, నా ముందు పెట్టింది.

"ఆడి ఫోనే. పోయినకాడి నించి వత్తానే ఉన్నాయి. నాకు ఓపిక నేదు. మీరు సెప్పండి."

తీశాను. అవతల ఒక మగమనిషి గొంతు, వెనక గాలి హోరు, ఎవరో ఆడమనిషి ఏడుపు. ఆయన ఉన్నాడా అని అడిగాడు. నీళ్లలో పోయింది తమ్ముడట, పొద్దుట్నుంచి వెతుకుతున్నారట.

"ఆయన పోయారండీ," అన్నాను. "ఆరు రోజులైంది."

అతను ఆ మాట పక్కనున్నవాళ్లకి చెప్పడం వినిపించింది.

"మరి ఇంకెవులున్నారమ్మా?" అన్నాడు. "ఎవులో ఒకలి పేరు సెప్పండమ్మా. ఎంత దూరమైనా ఎల్లి తీసుకొత్తాం."

ఆమె వైపు చూశాను. ఆమె గోడ వైపు చూస్తోంది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. అతను మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు.